వాన చప్పుడు ఛానెల్

ఈ పేజీలో రాయక నెల దాటింది. కోతలు, కల్లం, కాంటా... అందరిదీ ఒకటే కథ కాబట్టి ఎందుకు రాయలేదో మీకు చెప్పనక్కర్లేదు. ఈసారి ఎరువుల ముచ్చట కాదు, పురుగు మందుల ముచ్చట కాదు. రేడియో ముచ్చట, పాటల ముచ్చట. "వడ్లు ఎండబోసుకునే కాలంల పాటలేందే" అని నవ్వుకునేటోళ్ళు నవ్వుకోండి. కానీ మీ పిల్లలు ఎవరన్నా పట్నంలో రూము తీసుకుని చదువుకుంటుంటే మాత్రం చివరిదాకా చదవండి.

మా చిన్నోడు మూడేండ్ల సంది చిక్కడపల్లిలో ఉంటున్నాడు. అశోక్‌నగర్ సందుల్లో కోచింగు, పగలంతా నగర కేంద్ర గ్రంథాలయంలో చదువు, రాత్రికి ముగ్గురు కలిసి ఉండే రూము. ఒక పరీక్ష రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ రద్దయింది. తప్పు ఎవరిదన్నది నేను ఇక్కడ మాట్లాడను. ఆ బాధ పడిన ఇండ్లు మన ఊళ్ళల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఏప్రిల్ చివర్లో ఒకరోజు వాడితో ఫోన్ మాట్లాడి పెట్టేసినంక మా ఇంటామె చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వాని గొంతు మంచిగ లేదు. నువ్వు ఒకపాలి పోయి రా" అంది.

వడ్లేమో ఐకేపీ సెంటర్ల కుప్ప పోసి ఉన్నాయి. తేమ 17 శాతానికి దిగితే గానీ కాంటా పెట్టరు. ఆ టైంలో కుప్ప విడిచిపెట్టి పోవడమంటే ఎట్లుంటుందో మీకు చెప్పాలా? అయినా పోయాను. తమ్మునికి అప్పజెప్పి, సంచిలో బియ్యం, మామిడికాయ తొక్కు, ఇన్ని సర్వపిండి ముక్కలు, నా చిన్న ట్రాన్సిస్టర్ పెట్టుకుని జనగామల బస్సెక్కాను. రెండు రోజులనుకున్నది ఆరు రోజులైంది.

మొదటి రాత్రి సంగతి చెప్తా. రూములో ఒక పిల్లగాడు ఊరికి పోయిండట, వాని చాప మీద నేను పడుకున్నాను. మావాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒంటిగంట దాకా చదివాడు. తర్వాత చెవులు నొస్తున్నాయనేమో, ఫోన్‌ను దిండు పక్కన పెట్టి చిన్నగా మోగనిచ్చి పడుకున్నాడు. నాకు కన్నంటుకుంది. ఎంతసేపైందో ఏమో, వాన. మొదట చినుకులు, తర్వాత రేకుల మీద పడ్డట్టు టపటప. నేను దిగ్గున లేచి కూచున్నా. లేచుడే కాదు, "పరదాలు! పరదాలు గుంజుండ్రి!" అని ఒర్రిన. చీకట్లో తలుపు ఎటున్నదో తెల్వక గోడకు గుద్దుకున్న. రూములో పిల్లగాళ్ళిద్దరూ లేచి లైటేసిండ్రు. మావాడు నా చెయ్యి పట్టుకుని "బాపూ, వాన కాదు. ఫోన్ల మోగుతున్నది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బయట వరండాలోకి పోయి చూశాను. నేల పొడిగా ఉన్నది. కరెంటు తీగల సందు నుంచి ఆకాశం ఎర్రగా, పట్నపు లైట్ల వెలుతురుకు. చుక్క కనపడలేదు గానీ మబ్బు కూడా లేదు. అయినా మనసు ఒప్పక తమ్మునికి ఫోన్ చేశాను. రాత్రి రెండుంబావు. వాడు నిద్రమబ్బులో "ఏం వాననే అన్నా, చుక్కలు పొడిసినయి. పండుకో" అన్నాడు.

సంగతేందంటే, అది ఇంటర్నెట్ రేడియోలో ఒక ఛానెల్. ఇరవై నాలుగు గంటలు వాన చప్పుడు, దాని కింద మెల్లగా పియానో. నిద్ర పట్టనోళ్ళ కోసమట. వాన చప్పుడు వింటే నిద్ర పడుతుందట! అన్నలారా, మీరు చెప్పండి. యాసంగి వడ్లు కల్లంలో ఉండంగ వాన చప్పుడు వింటే నిద్ర పట్టే రైతు ఎక్కడన్నా ఉన్నాడా?

పొద్దున చిక్కడపల్లి చౌరస్తా దగ్గర చాయ్ తాగుకుంట అడిగాను. "ఏం పాటలురా అవి?"

"పాటలు కావు బాపూ. ఊరికే మ్యూజిక్. నడుమ ఎవ్వరూ మాట్లాడరు."

"ఎవ్వరు మాట్లాడకుంటే ఎట్లరా, రేడియో అంటే?"

"అందుకే" అన్నాడు.

ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. తర్వాత చెప్తా.

వాడు ఫోన్‌లో చూపించాడు. రేడియో గార్డెన్ అని ఒకటున్నది, 2016లో వచ్చిందట. తెరచిన వెంటనే భూగోళం తిరుగుతుంటుంది. దాని మీద పచ్చ చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో ఊరు. వేలు పెట్టి ఆపిన దగ్గర ఆ ఊరి రేడియో మోగుతుంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సోమా ఎఫ్ఎం అని 2000 నుంచి నడుస్తున్నది, ప్రకటనలు లేవు, వినేటోళ్ళు పంపే చందాలతోనే బతుకుతుంది. అందులో ఒక ఛానెల్ పేరు గ్రూవ్ సలాడ్. పాటలకు సలాడ్ పేరేందో నాకు తెల్వదు గానీ వినడానికి హాయిగానే ఉన్నది. స్విట్జర్లాండ్ వాళ్ళ ప్రభుత్వ రేడియోకు అచ్చంగా సంగీతానికే ఛానెళ్ళున్నాయి, కబుర్లు ఉండవు. మన తెలుగులో కూడా టోరి అని తెలుగువన్ వాళ్ళ ఇంటర్నెట్ రేడియో ఉన్నది, అమెరికాలో ఉన్న మనోళ్ళు ఎక్కువ వింటారట. ఇంగ్లీషులో ఈ రకం సంగీతాన్ని ఈజీ లిజనింగ్ అంటారని మావాడు చెప్పాడు. అంటే కష్టపడకుండా వినేది. చెవిలో పడుతుంటుంది, మన పని మనం చేసుకోవచ్చు.

నేను వెంటనే నా ట్రాన్సిస్టర్ తీసి పోటీకి దిగానని అనుకోకండి. దిగుదామనే అనుకున్నా, అది మోగలేదు. ఆ రూములో ఫోన్ చార్జర్లు నాలుగు, ఎల్ఈడీ లైట్లు, పక్క రూమువాళ్ళ ఇన్వర్టరు. మీడియం వేవ్ మీద హైదరాబాద్ కేంద్రం పెడితే జుయ్ అని ఒకటే రొద. ఆకాశవాణి భవనం సైఫాబాద్‌లో, బస్సులో పోతే అరగంట కూడా పట్టదు. మన ఊళ్ళో చింతచెట్టు కింద ఖంగుమని వినపడేది అక్కడ వినపడదు. కిటికీ దగ్గర పెట్టి, డబ్బాను అడ్డంగా, నిలువుగా తిప్పితే ఒక మూలకు వచ్చినంక కొంచెం తేలింది. లోపల ఇనుప కడ్డీలాంటి ఏరియల్ ఉంటుంది, దాన్ని స్టేషన్ దిక్కుకు సరిగ్గా అడ్డం పెట్టాలి. చిన్నప్పుడు మనమందరం తిప్పినోళ్ళమే కదా.

ఆ రొదల నుంచి గొంతు తేలంగనే నాకు మా కొట్టం యాదికొచ్చింది.

మా నాయిన రేడియో కొన్నప్పుడు దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. సైకిలుకు, రేడియోకు లైసెన్సు అడిగిన కాలం అది. పొద్దుగాల స్టేషన్ తెరిచేటప్పుడు ఒక సంగీతం వస్తది చూడండి, వయొలిన్, తంబూరాతో. మాట లేదు, పాట లేదు, అయినా ఎక్కడ విన్నా ఆకాశవాణి అని గుర్తుపడతాం. దాన్ని కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అని ఒక యూదు సంగీతకారుడు. హిట్లర్ కాలంలో యూరప్ విడిచి బొంబాయి వచ్చి రేడియోలో పనిచేశాడు. ఎక్కడి ప్రాగ్, ఎక్కడి మా బర్రెల కొట్టం! ఆ సంగీతం మొదలైతేనే మా అమ్మ చెంబు పట్టుకుని బర్రె దగ్గర కూచునేది. కొన్నాళ్ళకు బర్రె కూడా నేర్చుకుంది. సంగీతం వినపడంగనే చేపేది, దూడను విడిచే పని కూడా ఉండకపోయేది. ఒకరోజు సెల్లు అయిపోయి రేడియో మోగలేదు. ఆనాడు బర్రె చేపడానికి పది నిమిషాలు పట్టింది. మా అమ్మ తిట్లు రేడియోకా, బర్రెకా, మా నాయినకా నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇది మా ఇంటి ముచ్చటే కాదు. ఇంగ్లండ్‌లో లీసెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2001లో పాడి ఆవుల మీద పరీక్ష చేశారు. నెమ్మదిగా సాగే సంగీతం వినిపిస్తే ఒక్కో ఆవుకు రోజుకు 0.73 లీటరు పాలు పెరిగాయట, అంటే దాదాపు 3 శాతం. గబగబా కొట్టే పాటలకు ఆ ఫలితం రాలేదు. ఇది చదివి నేను ఈ మధ్య మావాడు చూపించిన ఛానెళ్ళు కొట్టంలో పెట్టి చూశాను. మా బర్రెలకు ఫరక్ ఏమీ పడలేదు, పాలు పెరగలేదు, తగ్గలేదు. నాకు అర్థమైంది ఏంటంటే, మా అమ్మ కాలపు బర్రె సంగీతానికి చేపలేదు, టైముకు చేపింది. రోజూ అదే టైముకు అదే చప్పుడు, దాని వెనకాల అదే చెయ్యి. ఇంటర్నెట్ రేడియోకు టైము లేదు. ఎప్పుడు పెట్టినా అదే నడుస్తుంటుంది, పొద్దు లేదు, మాపు లేదు.

ఆకాశవాణిలో కూడా ఈజీ లిజనింగ్ ఉండేది, దాని పేరు లలిత సంగీతం. దాని పుట్టుక వెనక ఒక తమాషా కథ ఉన్నది. 1952లో కేంద్రంలో సమాచార ప్రసార శాఖకు కేస్కర్ మంత్రిగా వచ్చాడు. ఆయనకు సినిమా పాటలంటే పడదు, జనం చెవులు పాడవుతున్నాయని. ఆయన కాలంలో రేడియోలో సినిమా పాటలు ఆగిపోయాయి. వాటి బదులు శాస్త్రీయ సంగీతం, మరీ బరువుగా ఉంటే జనం వినరని కొత్తగా తేలిక పాటలు కట్టించారు. జనం ఏం చేశారు? మరలు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. తెలుగు పాటలకు అక్కడ మీనాక్షి పొన్నుదురై గొంతు ఉండేది. శ్రీలంక నుంచి, ఆమెదైన యాసలో తెలుగు. మా నాయిన తరం ఆ గొంతు కోసం మధ్యాహ్నం నాగళ్ళు విడిచేది. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పెట్టింది, సినిమా పాటలు మళ్ళీ వచ్చాయి.

కానీ ఆ తేలిక పాటల ప్రయత్నం వృథా పోలేదు. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం, హైదరాబాద్ కేంద్రంలో మహాభాష్యం చిత్తరంజన్... వీళ్ళు కట్టిన పాటలు సినిమాకు పోకుండానే ఊరూరికీ చేరాయి. పాటలు నేర్పించే కార్యక్రమం వచ్చేది. ఒక్కో చరణం పాడి, మళ్ళీ పాడించి, వారం తర్వాత మళ్ళీ అదే. మా అక్క అట్లనే మూడు నాలుగు పాటలు నేర్చుకుంది, ఒక్క రూపాయి ఫీజు లేకుండా. పెండ్లిచూపుల నాడు పాడమంటే రేడియో పాటే పాడింది. ఒప్పుకున్నారు గూడ. (మా బావ మాత్రం పాట వినలేదు, బూందీ తిన్నాడు అంటుంది ఇప్పటికీ.)

ఇంకొకటి. జనరంజనికి నేను ఒక కార్డు రాశాను, పదో తరగతిలో. పదిహేను పైసల కార్డు. రాసిన సంగతి నేనే మర్చిపోయాను. ఒకనాడు మధ్యాహ్నం పత్తి చేనులో ఉన్నా. గట్టు మీది రేడియోలో పాట కోరినవారి పేర్లు చదువుతూ మా ఊరి పేరు, నా పేరు. పక్క చేనోళ్ళు కేకేశారు. సాయంత్రం ఊళ్ళోకొస్తే హోటల్ కాడ చాయ్ పోసినాయన పైసలు తీసుకోలేదు. ఆ పాట ఏందో కూడా ఇప్పుడు సరిగ్గా యాది లేదు. పేరు మాత్రం యాదున్నది, ఎందుకంటే ఊరంతా ఒక్కసారే విన్నది.

తేడా అక్కడే ఉన్నది అని నాకనిపిస్తుంది. మనకు తెలిసిన లెక్కలో చెప్తా. ఆకాశవాణి చెరువు తూము లాంటిది. ఒకసారి తెరిస్తే ఆయకట్టంతా పారుతుంది, పదెకరాలైనా, వెయ్యెకరాలైనా తూము ఒక్కటే. వెయ్యి మంది విన్నా, కోటి మంది విన్నా స్టేషన్‌కు కరెంటు బిల్లు అంతే. ఇంటర్నెట్ రేడియో ట్యాంకర్ నీళ్ళ లాంటిది. ఎవరింటికి వాళ్ళకు వేరే ట్యాంకర్ రావాలి. వెయ్యి మంది వింటే వెయ్యి ధారలు. నీళ్ళు మంచివే కావచ్చు, తియ్యగనే ఉండొచ్చు. కానీ తూము కాడ పంచాయితీ ఉంటది, వంతులు ఉంటాయి, నలుగురు కలుస్తారు. ట్యాంకర్ కాడ ఎవరి బిందె వాళ్ళది.

డేటా గురించి భయపడేటోళ్ళకు ఒక లెక్క. 128 కేబీపీఎస్ మీద వింటే గంటకు 58 ఎంబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాకేజీ ఉన్నోనికి రోజంతా విన్నా అయిపోదు. కాబట్టి డేటా బాధ కాదు. బాధల్లా సిగ్నలూ, బ్యాటరీ. మా బావి కాడ ఒక్క గీత మీద ఉంటుంది సిగ్నల్. ట్రాన్సిస్టర్‌కు రెండు సెల్లులేస్తే నెలలు నడుస్తుంది. ఇంకో తమాషా, ఆకాశవాణి కూడా ఇప్పుడు ఇంటర్నెట్‌లో వస్తున్నది, న్యూస్ ఆన్ ఎయిర్ అనే యాప్‌లో. నేను చిక్కడపల్లి రూములో రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. వార్తల ముందు టైము చెప్పే బీప్‌లు ట్రాన్సిస్టర్‌లో ముందు మోగాయి, ఫోన్‌లో అర నిమిషం ఆగి మోగాయి. గడియారం దిద్దుకునే రేడియో ఆలస్యంగా టైము చెప్తే ఏమనాలి?

రేడియోను రైతు ఎంత నమ్మాడో తెలియాలంటే ఒక్క ముచ్చట చాలు. 1960లలో తంజావూరు దిక్కు ఆడుతురై-27 అనే వరి రకం గురించి రేడియోలో చెప్తే రైతులు విని వేశారు, దానికి రేడియో వరి అనే పేరే పెట్టుకున్నారు. మన జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తున్నది, 90.4 మీద. నడిపేది దళిత ఆడబిడ్డలు. చిరుధాన్యాల ముచ్చట్లు, పండుగ పాటలు, అన్నీ వాళ్ళ భాషలోనే. ఆ పాట వినాలంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉండాలె. నాకు అది లోపంగా అనిపించదు.

ఇదంతా నేను మావానికి చెప్పాను, మూడోనాడు సాయంత్రం. వాడు నవ్వుకుంట విన్నాడు. విని అన్నాడు: "బాపూ, నీకు రేడియోల ఎవరన్న మాట్లాడితే మంచి వార్త వస్తదేమో అనిపిస్తది. నాకు ఎవరు మాట్లాడినా గుండె దడ. క్లాసుల సారు మాట్లాడుతడు, యూట్యూబుల మాట్లాడుతరు, వాట్సాప్ గ్రూపుల నోటిఫికేషన్ అంటరు, కోర్టు అంటరు, వాయిదా అంటరు. ఇంటికాడి నుంచి అమ్మ ఫోన్ చేసినా ఏమైందిరా అనే అడుగుతది. రాత్రి రెండు గంటలన్న ఎవ్వరూ ఏమీ చెప్పకుంటే చాలు అనిపిస్తది."

నేనేం మాట్లాడలేదు. మా ఇంటామె గొంతులో పసిగట్టింది ఇదే. నేను మూడు రోజులుగా పక్కనే పడుకుని కూడా ఆ వాన ఛానెల్‌ను ఎగతాళి చేస్తూ ఉన్నాను. వాడు దాన్ని మందులాగా వాడుతున్నాడు.

నాలుగోనాడు సాయంత్రం అసలు పరీక్ష వచ్చింది. కిటికీ మూల ట్రాన్సిస్టర్ పెట్టుకుని ప్రాంతీయ వార్తలు వింటున్నా. రొదలోంచే వాతావరణం చెప్పారు. ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో వర్షాలు, జిల్లాల పేర్లు వరుసగా. అందులో మా జిల్లా పేరు. గుండె ఝల్లుమంది, అదే సమయంలో లోపల ఒక గర్వం. చూశావా, నీ పియానో ఛానెల్ చెప్తదా ఇది అని మావాని దిక్కు చూస్తూ తమ్మునికి ఫోన్ కలిపాను. వాడు తాపీగా అన్నాడు: "మధ్యాహ్నమే వాట్సాప్‌ల వచ్చిందన్నా. పరదాలు కప్పినం, చుట్టూ రాళ్ళు పెట్టినం, కాలువ తీసినం. నువ్వు పరేషాన్ కాకు."

మావాడు ఏమీ అనలేదు. పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాడని మాత్రం నాకు తెలుసు.

ఆ రాత్రి అక్కడ వాన కొట్టింది, గంటసేపు. ఒక పరదా గాలికి లేచి, కుప్ప అంచున ఇన్ని వడ్లు తడిశాయి, తెల్లారి విడిగా ఆరబోశారు. మా పక్క కుప్ప ఆయనకు ఎక్కువ నష్టమైంది. ఆ రాత్రి చిక్కడపల్లిలో చినుకు పడలేదు. మావాడు నన్ను అడిగాడు, "వాన ఛానెల్ పెట్టనా, వద్దా?" అని. "పెట్టుకో, కానీ చెవుల వైర్లు పెట్టుకో" అన్నాను. వాడు వద్దులే అని ఏదో వేణువుది పెట్టాడు, నాకు కూడా వినపడేటట్టు.

ఐదోనాడు వాడే నన్ను బయటకు తీసుకుపోయాడు. త్యాగరాయ గానసభ వాడి రూముకు నడిచిపోయే దూరమే, మూడేండ్లలో ఒక్కసారీ లోపలికి పోలేదట. ఆరోజు లలిత సంగీతం కార్యక్రమం ఉన్నదని బయట బోర్డు. టికెట్ లేదు. లోపల ఓ నలభై యాభై మంది, ఎక్కువ నాకన్నా పెద్దవాళ్ళే. ఒక పంతులమ్మ లాంటి ఆమె పాడింది. రెండో పాట ఎత్తుకోంగనే నాకు తెలిసింది, అది మా అక్క రేడియోలో నేర్చుకున్న పాట. నా ముందు వరుసలో ఒక ముసలాయన ఆమె కంటే ముందే చరణం అందుకుంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి. నేనూ అందుకున్నా. మావాడు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నీకు ఇదెట్ల వచ్చు బాపూ?" అంటే "రేడియో నేర్పింది" అన్నా. బయటకొచ్చినంక మెట్రో పిల్లర్ల కింద నడుస్తూ చాలాసేపు మాట్లాడాడు. పరీక్ష గురించి కాదు. మా అక్క గురించి అడిగాడు, బర్రె గురించి అడిగాడు, బూందీ కథ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆ గంటన్నరలో వాడు ఫోన్ తీయలేదు. నేను లెక్కపెట్టాను కాబట్టి చెప్తున్నా.

ఆరోనాడు తిరిగి వచ్చేటప్పుడు ట్రాన్సిస్టర్‌ను కిటికీ మూలనే పెట్టి వచ్చాను, సరిగ్గా వినపడే దిక్కుకు తిప్పి. వాడు పెట్టుకుంటాడో లేదో అని అడగలేదు. వాడు నా ఫోన్‌లో రెండు మూడు ఛానెళ్ళు పెట్టి ఇచ్చాడు. వాన ఛానెల్ కూడా ఉన్నది. "అది తీసేయ్ రా" అంటే "ఉండనియ్యి బాపూ, ఎప్పుడన్న పనికొస్తది" అన్నాడు.

సెంటర్‌లో ఇంకా పది రాత్రులు కావలి పడుకున్నాను. పరదా మీద పడుకుని, ఫోన్‌ను ఛాతీ మీద పెట్టుకుని ఆ మాటల్లేని సంగీతం విన్నాను. బాగుంది, అబద్ధం చెప్పను. చుట్టుపక్కల కుప్పలోళ్ళు ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు. మా నాయిన కాలంలో కావలి కాడ ఒక్క రేడియో చుట్టూ ఆరుగురు ఉండేవాళ్ళు. పక్క కుప్ప ఆయన, వడ్లు తడిసినాయన, ఒకరాత్రి "ఏం వింటున్నవే" అని వచ్చి కూచున్నాడు. ఫోన్‌ను ఇద్దరి మధ్య పెట్టాను. కొంచెంసేపు విని "ఇందులో పాట ఎప్పుడొస్తది?" అని అడిగాడు. రాదని చెప్తే, వివిధ భారతి పెట్టమన్నాడు. పెట్టాను.

మావాడు ఒకనాడు పొద్దున ఏడుంబావుకు ఫోన్ చేశాడు. "బాపూ, వార్తలల్ల మన జిల్లా పేరు చెప్పిండ్రు. ఇయ్యాల వాన లేదట, ఎండనే." నేను అప్పటికే ఎండలో నిలబడి ఉన్నాను. "అవునా, మంచిది బిడ్డా" అన్నాను.

మా వడ్లు మే రెండో వారంలో కాంటా అయ్యి, సంచులు కుట్టి, లారీ ఎక్కాయి. ఆ రాత్రి ఇంట్లో మంచం మీద పడుకుని వాన ఛానెల్ పెట్టాను. మా ఇంటామె "ఏం పిచ్చే నీకు" అంది. ఐదు నిమిషాలు విన్నానేమో. తెల్లారి ఫోన్ బ్యాటరీ అయిపోయి ఉన్నది.